వెబ్ పేజీ బల్ల మీది ప్రోగ్రాము ఎలా అయింది?

మీ బడి కంప్యూటరు గదిలో గాని, ఇంట్లో గాని ‘విజువల్ స్టూడియో కోడ్’ అనే ప్రోగ్రాము ఉందా? ప్రోగ్రాములు రాసుకొనేవారికి అది పలకా బలపం వంటిది. ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. దాన్ని తెరచి, పై వరుసలో ‘హెల్ప్’ అన్నచోట నొక్కి, ఆ పట్టికలో చివర ఉన్న ‘అబౌట్’ అన్నదాన్ని ఎంచుకోండి. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో వరుసగా కొన్ని పేర్లు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. ఎలక్ట్రాన్, క్రోమియమ్, నోడ్, వి8 అన్న పేర్లు అక్కడ కనిపిస్తాయి.

ఆ పెట్టె మూసేసి, మళ్ళీ ‘హెల్ప్’లోనే ‘టాగిల్ డెవలపర్ టూల్స్’ అన్నదాన్ని నొక్కండి. ఇప్పుడు ఇంకో విచిత్రం. వెబ్ పేజీ లోగుట్టు చూడడానికి బ్రౌజరులో వచ్చే పనిముట్ల పెట్టె ఏది ఉందో, అదే ఇక్కడా వస్తుంది. అంటే మీరు ఇంతసేపూ చూస్తున్నది మామూలు ప్రోగ్రాము కాదు. అది ఒక వెబ్ పేజీ. దాని చుట్టూ ఒక బ్రౌజరు ఉంది. కాకపోతే ఆ బ్రౌజరుకు చిరునామా పట్టీ లేదు, వెనక్కి వెళ్ళే బాణం గుర్తు లేదు. వేషం మార్చుకొని కూర్చున్నదన్నమాట!

వెబ్ పేజీలు తయారుచేసే పనిముట్లతోనే బల్ల మీది కంప్యూటరుకు ప్రోగ్రాములు ఎలా కడుతున్నారు? అలా కట్టడం వల్ల లాభం ఏమిటి, చెల్లించే మూల్యం ఏమిటి? ఈ ప్రశ్నలు నాకు పుస్తకంలో ఎదురు కాలేదు. మా బడి గ్రంథాలయంలో ఎదురయ్యాయి. అక్కడినుంచే మొదలుపెడతాను.

మూడు నెలల లెక్క మాయమైన రోజు

మా బడిలో పుస్తకాలు ఎవరికి ఇచ్చామో, ఎప్పుడు తిరిగి వచ్చాయో రాసుకోవడానికి పొడుగాటి రిజిస్టరు ఒకటి ఉండేది. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి, “మాస్టారూ, దీన్ని కంప్యూటరులో పెడితే ఎలా ఉంటుంది?” అని అడిగింది. వెబ్ పేజీలు తయారుచేయడం అప్పటికే ఆమె కొంత నేర్చుకొని ఉంది. నెల తిరక్కుండా ఒక పేజీ తయారుచేసింది. పుస్తకం పేరు, విద్యార్థి పేరు, తారీఖు వేసి మీట నొక్కితే వరుసగా నమోదు అవుతాయి. చూడ ముచ్చటగా ఉంది.

మూడు నెలలు చక్కగా సాగింది. ఒకరోజు గది శుభ్రం చేస్తున్నట్టే బ్రౌజరునూ శుభ్రం చేద్దామని ఎవరో పాత చరిత్ర అంతా తుడిచేశారు. మర్నాడు పేజీ తెరిస్తే ఒక్క పేరూ లేదు! ఎనిమిది వందల పుస్తకాలలో ఏది ఎవరింట్లో ఉందో చెప్పే ఆధారం లేకుండా పోయింది. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాత రిజిస్టరు రాయడం మాన్పించినది నేను కాబట్టి తప్పు సగం నాదే.

ఎందుకిలా జరిగింది? పేజీ తన లెక్కలను బ్రౌజరు ఇచ్చిన చిన్న అరలో దాచుకుంది. ఆ అర బ్రౌజరుది. బ్రౌజరు దులిపితే అరా దులుపుడు పడుతుంది. “డిస్కు మీద మామూలు ఫైలుగా రాసుకోవచ్చు గదా?” అని మీరు అడగవచ్చు. ఆమె కూడా అదే అడిగింది. అక్కడే ఉంది కిటుకు.

వెబ్ పేజీ అంటే ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి రాసిన ప్రోగ్రాము. మీరు ఒక చిరునామా నొక్కగానే అది మీ యంత్రంలోకి వచ్చి నడవడం మొదలుపెడుతుంది. ఇంటికి వచ్చిన కొత్త మనిషిని వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తాం గాని, బీరువా తాళాలు చేతికి ఇవ్వం కదా? బ్రౌజరు కూడా పేజీని అలాగే వసారాలో కూర్చోబెడుతుంది. లోపలి గదుల్లోకి, అంటే మీ ఫైళ్ళలోకి, తనంత తాను పోనివ్వదు. ఈ ఏర్పాటును ‘శాండ్‌బాక్స్’ అంటారు. పసిపిల్లలు ఆడుకొనే ఇసుకపెట్టె అని అర్థం. ఎంత ఆడుకున్నా ఇసుక పెట్టె దాటి పడదు. (మిమ్మల్ని అడిగి, మీరు చూపించిన ఫైలును మాత్రం పేజీ రాసుకొనే వీలు క్రోమ్ బ్రౌజరులో 2020లో వచ్చింది. కాని అది అన్ని బ్రౌజర్లలోనూ లేదు.)

మరి పేజీని వసారాలోంచి ఇంట్లోకి తీసుకురావడం ఎలా?

ముందు పేజీ కథ కొంచెం

స్విట్జర్లాండులోని జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనశాల ఉంది. అక్కడ పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించాడు. 1990లో మొదటి బ్రౌజరు రాశాడు. శాస్త్రజ్ఞులు తమ కాగితాలను ఒకరికొకరు చూపించుకోవడం అప్పటి ఉద్దేశం. కాగితానికి ఉండే లక్షణాలే పేజీకీ ఉండేవి: శీర్షిక, పేరాలు, ఇంకో కాగితానికి దారి. ఈ నిర్మాణం చెప్పే భాష పేరు హెచ్‌టిఎమ్‌ఎల్. తరువాత రంగులూ, అక్షరాల సైజులూ, ఖాళీలూ చెప్పడానికి 1994లో హోకోన్ వియుమ్ లీ అనే నార్వే దేశస్థుడు సిఎస్‌ఎస్ అనే పద్ధతిని సూచించాడు. మీట నొక్కితే ఏం జరగాలో చెప్పే భాష జావాస్క్రిప్ట్. దీన్ని 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ మొదటి రూపంలో పది రోజుల్లో తయారుచేశాడు. పది రోజుల్లో పుట్టిన భాష గనుకనే దానిలో కొన్ని వంకరలు ఈనాటికీ మిగిలి ఉన్నాయని నా అభిప్రాయం.

ఈ మూడూ కలిస్తే తోలుబొమ్మలాట తయారవుతుంది. బొమ్మ ఆకారం హెచ్‌టిఎమ్‌ఎల్, దాని మీది రంగులు సిఎస్‌ఎస్, బొమ్మను ఆడించే పుల్లలు జావాస్క్రిప్ట్.

2008 సెప్టెంబరులో గూగుల్ సంస్థ క్రోమ్ బ్రౌజరును విడుదల చేసింది. దాని లోపల జావాస్క్రిప్ట్‌ను వేగంగా నడిపించే వి8 అనే ఇంజను ఉంది. క్రోమ్‌కు ఆధారమైన కోడును ‘క్రోమియమ్’ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చారు. మరుసటి సంవత్సరం 2009లో ర్యాన్ డాల్ అనే అమెరికా యువకుడు ఒక తమాషా చేశాడు. వి8 ఇంజనును బ్రౌజరులోంచి ఊడదీసి, దానికి ఫైళ్ళు చదవడం, రాయడం, నెట్‌వర్కుతో మాట్లాడడం నేర్పాడు. దాని పేరు ‘నోడ్’. ఇందులో తెర లేదు, బొమ్మలు లేవు. కాని తాళాలన్నీ ఉన్నాయి!

చూశారా? ఒకవైపు క్రోమియమ్: అందంగా గీయగలదు, తాళాలు లేవు. మరోవైపు నోడ్: తాళాలున్నాయి, గీయలేదు. ఇద్దరిదీ ఒకే భాష. ఈ ఇద్దరినీ ఒక ఇంట్లో పెడితే? ఈ ఆలోచన ఇంటెల్ సంస్థలో పనిచేస్తున్న రోజర్ వాంగ్‌కు 2011లో వచ్చింది. ఆయన మొదలుపెట్టిన పనికి ‘నోడ్-వెబ్‌కిట్’ అని పేరు. అక్కడ విద్యార్థిగా శిక్షణకు చేరి ఆ పనిలో పాలుపంచుకున్న చెంగ్ ఝావో, తరువాత 2013లో గిట్‌హబ్ అనే సంస్థ కోసం ఇదే ఆలోచనను కొత్తగా మొదటినుంచీ కట్టాడు. గిట్‌హబ్‌వారు అప్పుడు ‘ఆటమ్’ అనే రాతపలకను తయారుచేస్తున్నారు. ఆటమ్‌కు తొడుగు కాబట్టి దీనికి ‘ఆటమ్ షెల్’ అని పేరు పెట్టారు. 2014లో దీని కోడును అందరికీ ఇచ్చారు. 2015 ఏప్రిల్‌లో పేరు ‘ఎలక్ట్రాన్’గా మార్చారు.

ఆటమ్ అంటే పరమాణువు. పరమాణువులోంచి బయటకు వచ్చేది ఎలక్ట్రాను కదా! రసాయనశాస్త్రంలో ఎలక్ట్రాను పోతే పరమాణువు అయానుగా మిగులుతుంది. ఇక్కడ తలకిందులైంది. ఆటమ్ అనే రాతపలకను 2022 డిసెంబరు 15న ఆపేశారు. ఎలక్ట్రాన్ మాత్రం మిగిలింది. స్లాక్, డిస్కార్డ్, సిగ్నల్ వంటి కబుర్ల ప్రోగ్రాములు, మీరు పైన పరీక్షించిన విజువల్ స్టూడియో కోడ్, ఇవన్నీ దాని మీద కట్టినవే.

ఒకే వంటమనిషి, రెండు పొయ్యిలు

ఇద్దరినీ ఒకే ఇంట్లో పెట్టడం చెప్పినంత తేలిక కాదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

తెర మీద బొమ్మ ఉన్న ఏ ప్రోగ్రామైనా ఎక్కువ కాలం ఏమీ చేయదు. ఎదురుచూస్తూ ఉంటుంది. మౌసు కదిలిందా? మీట నొక్కారా? కిటికీ సైజు మార్చారా? కబురు రాగానే లేచి ఆ పని చేసి, మళ్ళీ ఎదురుచూపులో పడుతుంది. ఈ తిరుగుడును ‘ఈవెంట్ లూప్’ అంటారు. పెళ్ళి వంటమనిషి పొయ్యి ముందు కూర్చోవడం లాంటిది. పాలు పొంగేదాకా కదలడు, పొంగగానే దించుతాడు.

క్రోమియమ్‌కు ఇలాంటి పొయ్యి ఒకటి ఉంది. నోడ్‌కు ఇంకొకటి ఉంది: ఫైలు చదవడం అయిందా, నెట్‌వర్కు నుంచి జవాబు వచ్చిందా అని అది ఎదురుచూస్తుంది. ఇద్దరినీ ఒకే ప్రోగ్రాములో కలిపినప్పుడు పొయ్యిలు రెండు, వంటమనిషి ఒక్కడే. మొదటి పొయ్యి దగ్గర కూర్చుంటే రెండోదాని మీద పాలు పొంగి పోతాయి. రెండోదాని దగ్గర కూర్చుంటే మొదటిదాని మీద అన్నం మాడుతుంది.

మొదట తట్టిన ఉపాయం మీకూ తట్టే ఉంటుంది. వంటమనిషిని నోడ్ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, క్షణానికోసారి లేచి వెళ్ళి తెర పొయ్యిని చూసి రమ్మనడం. అలా చేసి చూశారు. రెండు చిక్కులు వచ్చాయి. పనేమీ లేకపోయినా వంటమనిషి అటూ ఇటూ తిరుగుతూ అలసిపోతున్నాడు. అంటే కంప్యూటరు ప్రాసెసరు ఊరికే ఖర్చవుతోంది. పైగా చూసి వచ్చిన మరుక్షణమే పొంగితే, మళ్ళీ వెళ్ళేదాకా తెలియదు. అంటే కొన్ని పనులు ఆలస్యమవుతున్నాయి.

ఎలక్ట్రాన్‌లో చెంగ్ ఝావో వేసిన ఎత్తు ఇది. వంటమనిషి తెర పొయ్యి దగ్గరే కూర్చుంటాడు. నోడ్ పొయ్యి దగ్గర ఒక కుర్రవాణ్ణి పెట్టారు. ఈ కుర్రవాడు గరిటె పట్టుకోకూడదు, గిన్నె దించకూడదు. చూస్తూ కూర్చోవడమే వాడి పని. పాలు పొంగు రాగానే “అయ్యా, పొంగుతున్నాయి!” అని కేక వేస్తాడు. వంటమనిషి వచ్చి తన చేత్తోనే దించి, తన చోటికి పోతాడు. కుర్రవాడు మళ్ళీ చూస్తూ కూర్చుంటాడు.

కుర్రవాణ్ణే దించమంటే ఏం పోయింది? ఒకే గిన్నెలో ఇద్దరు ఒకేసారి గరిటె పెడితే ఒకరు వేసిన ఉప్పు రెండోవారికి తెలియదు. కంప్యూటరులో కూడా ఒకే సమాచారాన్ని రెండు దారులనుంచి ఒకేసారి మారిస్తే అది పాడవుతుంది. అందుకే చూసేవాడు వేరు, చేసేవాడు ఒకడే. ఈ కుర్రవాడి వంటి సహాయపు దారిని ‘థ్రెడ్’ అంటారు. ఆ థ్రెడ్ కబురు వచ్చేదాకా నిద్రపోతున్నట్టే ఉంటుంది గనుక ప్రాసెసరు ఖర్చు దాదాపు ఉండదు.

కౌంటరు వెనక గుమాస్తా

పేజీకి తాళాలు వచ్చాయి. ఇక హాయి అనుకోకండి. మా గ్రంథాలయంలో రెండో సంఘటన జరిగింది.

ఆ అమ్మాయి తన పేజీని ఎలక్ట్రాన్‌లోకి మార్చింది. లెక్కలు డిస్కు మీద ఫైలుగా రాయడం మొదలైంది. వారం తిరక్కుండా ఒక పదో తరగతి కుర్రవాడు పుస్తకం పేరు రాయవలసిన చోట పేరుకు బదులు కోణపు గుర్తుల మధ్య హెచ్‌టిఎమ్‌ఎల్ మాటలు రాసి మీట నొక్కాడు. అంతే, పట్టిక మొత్తం ఎర్రటి లావుపాటి అక్షరాలతో నిండిపోయింది! గదంతా నవ్వులు. వాణ్ణి నేను తిట్టలేదు సరిగదా, నల్లబల్ల దగ్గరకు పిలిచి ఏం చేశావో అందరికీ చెప్పమన్నాను. ఎందుకంటే వాడు తెలియకుండా ఒక పెద్ద ప్రమాదాన్ని చూపించాడు.

ఆమె ప్రోగ్రాము, ఎవరు ఏం రాసినా దాన్ని పేజీలో భాగంగా తీసుకొని అతికించేది. వాడు రంగు మార్చే మాటలు రాశాడు గనుక రంగు మారింది. జావాస్క్రిప్ట్ ఆజ్ఞ రాసి ఉంటే? బ్రౌజరులో అయితే వసారాలోనే ఆగేది. ఎలక్ట్రాన్‌లో, పేజీకి నేరుగా తాళాలు ఇచ్చి ఉంటే, ఆ ఆజ్ఞ డిస్కు మీది ఫైళ్ళన్నీ తుడిచేయగలదు! మా అమ్మాయి ఎక్కడో చూసి నేరుగా తాళాలు ఇచ్చే పాత పద్ధతినే వాడింది. ఆ సంగతి ఆ రోజే బయటపడింది.

సరైన పద్ధతి ఏమిటో చూడండి. ఎలక్ట్రాన్ ప్రోగ్రాములో రెండు రకాల ప్రాసెస్‌లు ఉంటాయి. ఒకటి ముఖ్య ప్రాసెస్. ఇది ఒక్కటే ఉంటుంది, దీని దగ్గర నోడ్ తాళాలుంటాయి. రెండోది తెర ప్రాసెస్. తెర మీద పేజీని గీసేది ఇదే. పోస్టాఫీసు గుర్తు తెచ్చుకోండి. లోపల గుమాస్తా, ఇనప్పెట్టె ఉంటాయి. బయట మనం ఉంటాం. మధ్య ఊచల కౌంటరు, దానికి చిన్న సందు. మనం నేరుగా ఇనప్పెట్టెలో చెయ్యి పెట్టం. ఫారం నింపి సందులోంచి ఇస్తాం. గుమాస్తా అది సరిగా ఉందో లేదో చూసి పని చేస్తాడు. ‘నా ఖాతాలో డబ్బు వేయండి’ అన్న ఫారం ఉంటుంది గాని, ‘ఇనప్పెట్టె మొత్తం ఖాళీ చేయండి’ అన్న ఫారం ఉండదు. ఎలక్ట్రాన్‌లో ఈ సందుకు ‘ప్రీలోడ్’ అని పేరు. అందులో ఏయే ఫారాలు పెట్టాలో ప్రోగ్రాము రాసేవారే నిర్ణయిస్తారు. మా గ్రంథాలయానికి మూడే ఫారాలు సరిపోయాయి: పుస్తకం ఇచ్చాం, తిరిగి వచ్చింది, పట్టిక చూపించు.

ఎలక్ట్రాన్ తొలి రోజుల్లో పేజీ చేతికి తాళాలు ముందే ఇచ్చి ఉంచేవారు. 2019లో వచ్చిన 5వ రూపం నుంచి, కోరి ఇస్తే తప్ప ఇవ్వరు. 2021లో వచ్చిన 12వ రూపం నుంచి కౌంటరు ఊచలు కూడా అమర్చే వస్తున్నాయి. 2022లో 20వ రూపంతో తెర ప్రాసెస్‌ను ఇసుకపెట్టెలో కూర్చోబెట్టడం కూడా మామూలు అలవాటయింది. అయినా పాత పుస్తకాల్లోని ఉదాహరణలు చూసి ఈ రక్షణలను చేజేతులా తీసేసేవారు ఉన్నారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. ఇక ఎర్ర అక్షరాల రోగానికి మందు చాలా చిన్నది. పేజీలో అతికించేటప్పుడు ‘ఇన్నర్ హెచ్‌టిఎమ్‌ఎల్’ అనే దారి బదులు ‘టెక్స్ట్ కంటెంట్’ అనే దారి వాడాలి. అప్పుడు ఎవరేం రాసినా అది వట్టి అక్షరాలుగానే కనిపిస్తుంది, ఆజ్ఞగా మారదు.

నమస్తేకు వంద మెగాబైట్లు

ఇప్పుడు మూల్యం సంగతి. ఎలక్ట్రాన్‌తో కట్టిన ప్రోగ్రాము తెర మీద ‘నమస్తే’ అన్న ఒక్క మాట చూపించేదైనా సరే, కట్ట కట్టి చూస్తే వంద మెగాబైట్లు దాటుతుంది. ఎందుకంటే క్రోమియమ్ మొత్తం అందులోనే ఉండాలి. కొంచెం లెక్క వేద్దాం. నమస్తే అన్న మాటలో కంప్యూటరుకు 6 సంకేతాలు ఉన్నాయి: న, మ, స, పొల్లు, త, ఏత్వం. మామూలుగా వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు. మొత్తం 18 బైట్లు. వంద మెగాబైట్లంటే 10 కోట్ల బైట్లు. 18తో భాగించి చూడండి: నమస్తే అని 55 లక్షల 55 వేల సార్లు రాయగలిగినంత చోటు! ఒక్క నమస్కారానికి ఇంత పెద్ద పల్లకీ అవసరమా?

జ్ఞాపకశక్తి, అంటే మెమరీ, ఖర్చు కూడా తక్కువేమీ కాదు. విండోస్ ఉన్న యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక వస్తుంది. ఎలక్ట్రాన్ ప్రోగ్రాము ఒకటి తెరిచి, పట్టికలో దాని పేరు పక్కనున్న బాణం గుర్తు నొక్కితే దాని కింద ఎన్ని ప్రాసెస్‌లు ఉన్నాయో తెలుస్తుంది. తరువాత రెండోది, మూడోది తెరవండి. మూడింటికీ మూడు క్రోమియమ్‌లు. ఒకే వీధిలో మూడిళ్ళవారూ ఎవరి బావి వారు తవ్వుకున్నట్టుంటుంది. నాలుగు గిగాబైట్ల మెమరీ ఉన్న పాత యంత్రాలు మన బళ్ళలో ఇంకా చాలానే కనిపిస్తాయి. అలాంటి యంత్రంలో ఇటువంటి ప్రోగ్రాములు మూడు తెరిస్తే మౌసు బాణం ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఖరీదైన యంత్రాల ముందు కూర్చొని ప్రోగ్రాములు రాసేవారికి ఈ బాధ కనిపించదు. నాకు వారి మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే.

ఇంకో చిక్కు ఉంది. 2023 సెప్టెంబరులో ‘వెబ్‌పి’ అనే రకం బొమ్మలను విప్పి చూపించే కోడులో పెద్ద లోపం బయటపడింది. దుర్మార్గంగా తయారుచేసిన బొమ్మ ఒకటి చాలు, యంత్రంలో దూరడానికి. క్రోమ్ బ్రౌజరును సరిచేశారు. కాని ఎలక్ట్రాన్ ప్రోగ్రాముల్లో ఎవరి క్రోమియమ్ వారిది కదా! ఒక్కొక్క ప్రోగ్రామునూ దాని యజమాని విడివిడిగా సరిచేసి పంపవలసి వచ్చింది. ఊరి చెరువుకు గండి పడితే ఒక్కచోట పూడ్చవచ్చు. ఇంటింటి బావికీ గండి పడితే ఎన్ని చోట్ల పూడ్చాలి?

ఇన్ని చిక్కులున్నా ఎందుకు వాడుతున్నారు? విండోస్, మ్యాక్, లినక్స్ అని మూడు రకాల యంత్రాలున్నాయి. కిటికీలూ, మీటలూ గీసే పద్ధతి ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి. ఒకే ప్రోగ్రామును మూడుసార్లు రాయాలి, ముగ్గురు నిపుణులు కావాలి. వెబ్ పేజీ మాత్రం మూడింటిలోనూ ఒక్కటే. తక్కువమంది ఉన్న బృందానికి అది చాలా పెద్ద ఊరట. 2020 మే 30న ఇద్దరు వ్యోమగాములను తీసుకువెళ్ళిన స్పేస్‌ఎక్స్ వారి క్రూ డ్రాగన్ నౌకలో వేలితో తాకే తెరలు కూడా క్రోమియమ్, జావాస్క్రిప్ట్‌లతోనే నడిచాయి. అయితే నౌకను నడిపే అసలు ప్రోగ్రాము వేరు. ఇది తెర మాత్రమే.

మన భాషకు సంబంధించి కూడా ఒక లాభం ఉంది. ‘స్త్రీ’ అన్నది కాగితం మీద ఒకే అక్షరం. కంప్యూటరుకు అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే 6 సంకేతాలు. వీటిని కూర్చి, ఒత్తులను చోటు చూసి పెట్టి, ఒక రూపంగా గీయడం పెద్ద విద్య. దీన్ని నిర్లక్ష్యం చేసిన ప్రోగ్రాముల్లో ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడడం మీరు చూసే ఉంటారు. క్రోమియమ్‌లో ‘హార్ఫ్‌బజ్’ అనే కోడు ఈ పని చక్కగా చేస్తుంది. ఇది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరం మధ్యలో, కంటికి కనబడని ఒక విడదీసే సంకేతం చేరి ఉంటే, దాన్ని గీయబోయిన ఐఫోను ప్రోగ్రాములు కూలిపోయాయి! ఆ నెలలోనే 11.2.6 అనే సవరణతో దాన్ని సరిచేశారు. విజ్ఞానంలోని ‘జ్ఞా’ అంత బరువైనదన్నమాట.

ఊరుమ్మడి బావి

ప్రతి ఇంటికీ బావి ఎందుకు, ఊళ్ళో ఉన్న ఉమ్మడి బావి వాడుకుందాం అన్నవారు కూడా ఉన్నారు. విండోస్‌లో వెబ్‌వ్యూ2 అని, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ వెబ్‌కిట్ అని, పేజీలు గీసే ఇంజను ఇప్పుడు యంత్రంతోపాటే వస్తోంది లేదా తేలికగా అమరుతోంది. దాన్నే వాడుకొనే ‘టౌరి’ అనే పనిముట్టు మొదటి పూర్తి రూపం 2022 జూన్‌లో, రెండోది 2024 అక్టోబరులో వచ్చాయి. దీనిలో నోడ్ లేదు. తాళాలు పట్టుకొనే గుమాస్తా రస్ట్ అనే భాషలో ఉంటాడు. చిన్న ప్రోగ్రాము కొద్ది మెగాబైట్లలో ముగుస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి టీమ్స్ కూడా 2023లో ఎలక్ట్రాన్‌ను వదలి వెబ్‌వ్యూ2కు మారింది. నిజానికి ఈ ఆలోచన కొత్తది కాదు. 1999లోనే మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు, పేజీని ప్రోగ్రాముగా నడిపే హెచ్‌టిఎ అనే ఏర్పాటు ఇచ్చింది. అది విండోస్‌కే పరిమితమైంది.

ఉమ్మడి బావిలో నీరు ఒక్కో ఊళ్ళో ఒక్కో రుచి. మా అమ్మాయి సెలవుల్లో టౌరితో కూడా కట్టి చూసింది. విండోస్ యంత్రంలో బాగానే వచ్చింది. పాత లినక్స్ ఉన్న రెండో యంత్రంలో తారీఖు వేసే పెట్టె వేరే రకంగా వచ్చి, పట్టిక పక్కకు జరిగింది. అక్కడి ఇంజను వేరు, పైగా పాతది. దాన్ని సరిచేస్తూ నాలుగు రోజులు కూర్చుంది. పైగా రస్ట్ భాష ఆమెకు కొత్త.

ఏది ఉంచాలని నన్ను అడిగింది. నేను చెప్పలేదు. రెండింటినీ మెమరీ పట్టికలో కొలిచి, మా యంత్రాల సంగతి ఆలోచించి నువ్వే తేల్చుకో అన్నాను. మా గ్రంథాలయం యంత్రంలో ఆ ఒక్క ప్రోగ్రాము తప్ప ఇంకేదీ నడవదు కాబట్టి బరువైనా ఎలక్ట్రాన్‌దే ఉంచింది. కంప్యూటరు గదిలోని పిల్లలు పట్టిక చూసుకొనే యంత్రాలకు మాత్రం టౌరిది పెట్టింది. ప్రతి శనివారం చివరి పీరియడులో లెక్కల ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించి నా చేతికి ఇస్తుంది. పాత పొడుగాటి రిజిస్టరును కూడా మళ్ళీ తెరిచాం. అందులో వారానికి ఒక పేజీ, చేత్తో రాస్తున్నాం.